హైదే పెన్సిల్ పడిన మూడు నవలలు

హైదే బ్రుస్కో దగ్గరికి నవల తీసుకెళ్లడమంటే పిల్లాణ్ణి కటింగ్ షాపుకి తీసుకెళ్లడమే అనేది ఇర్మా. వెళ్లేటప్పుడు మన పిల్లాడే. తిరిగొచ్చేటప్పుడు వీధిలో పిల్లలందరిలాగే ఉంటాడు.

ఈ మాట ఆమె హైదే ముందే అనేది. హైదే నొచ్చుకునేది కాదు. "అయితేనేం, పేలు పోయాయిగా" అనేది.

బోఎదో పేటలో రెండో అంతస్తు ఫ్లాటు ఆమెది. తలుపు మీద "నవలల క్లినిక్" అని ఇత్తడి రేకు. బ్యూనస్ ఎయిరిస్‌లో అలాంటి రేకు చూసి ఎవరూ నవ్వరు. మా వీధిలో మందుల షాపులు రెండు, నవలల క్లినిక్కులు మూడు. హైదే ఒక ప్రచురణ సంస్థలో ముప్ఫై ఒక్కేళ్లు ప్రూఫులు దిద్దింది. పింఛను మొదలైన వారానికే ఈ రేకు బిగించింది. చేతిలో పెన్సిల్ లేని హైదేని నేనెప్పుడూ చూడలేదు. స్నేహితురాలు పోయిందని కార్డు వస్తే, అందులో ఒక కామా సరిచేసి ఆ తర్వాతే ఏడ్చిందట.

నేను అప్పుడు సాహిత్యంలో పీజీ చదువుతున్నాను. ఆమె దిద్దిన కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. మాట్లాడాల్సిన అవసరం లేని పని కాబట్టి ఒప్పుకున్నాను.

బుధవారం సాయంత్రం నాలుగింటికి ముగ్గురు వచ్చేవారు. ఇర్మా బడిపంతులమ్మగా చేసి మానేసింది. ఎద్గార్దో పళ్ల డాక్టరు. నూట యాభై ఏళ్ల కిందటి పశువుల కాపరుల మీద హత్యల నవల రాస్తున్నాడు, జీవితంలో ఒక్కసారీ గుర్రమెక్కలేదు. మూడోవాడు ఎవారిస్తో లెన్సీనా, డెబ్బై ఒక్కేళ్లు, తాళాలు బాగుచేసేవాడు. క్లినిక్ నియమం ఒక్కటే. రాసినవాడు చదవకూడదు. వేరేవాళ్లు చదువుతుంటే, తిడుతుంటే, అతను నోరు మూసుకుని అందరికీ మాతే, అంటే అక్కడి ఆకు కషాయం, పోసి అందించాలి. తాగే సొరబుర్ర ఒక్కటే, పీల్చే గొట్టం ఒక్కటే, అది చేతులు మారుతూ గది చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. చేతిలో కెటిల్ ఉన్నవాడు నోరు జారడని హైదే నమ్మకం.

ఎవారిస్తో నవల ఒక తాళాలవాడి కథ. ఎవరో పిలిస్తే తలుపు తీయడానికి వెళ్తాడు. లోపల పాతికేళ్ల కింద ఇల్లు వదిలి వెళ్లిపోయిన సొంత అన్న ఉంటాడు. ఆ ఏడు పేట గ్రంథాలయంవాళ్లు అరవై దాటినవాళ్ల మొదటి నవలలకి పోటీ పెట్టారు. గెలిచిన నవలని అచ్చు వేస్తారు. పోటీ ఐదేళ్లకోసారి.

"మళ్లీసారికి నేను తాళాలు తెరవడం కాదు ప్రొఫె, కళ్లు తెరిస్తే గొప్ప" అన్నాడు ఎవారిస్తో. మగవాళ్లిద్దరూ హైదేని ప్రొఫె అనే పిలిచేవారు, పంతులమ్మా అన్నట్టు.

అతనికి ఎనభై నాలుగేళ్ల అక్క ఉంది, రొసెందా. అతనికి అక్షరాలు నేర్పింది ఆవిడే. విడి కాగితాలిస్తే ముట్టుకోదు. "కుట్టు వేసి, అట్ట వేసి పట్రా, అప్పుడు చదువుతా" అంటుంది. ఎవారిస్తోకి కావలసిందల్లా ఆ అట్ట.

ముగ్గురూ మారుపేర్లతో నవలలు పంపారు. అసలు పేర్లు అంటించిన కవర్లలో ఉంటాయి, ఫలితాలు వచ్చేదాకా ఎవరూ విప్పరు; పైన మారుపేరూ పోస్టుబాక్సు నంబరూ మాత్రమే. మూడు వారాలకి ముగ్గురికీ ఒకే రోజు ఒకే ఉత్తరం వచ్చింది. ఒకే వ్యక్తి మూడు పేర్లతో మూడు నవలలు పంపడం నిబంధనలకు విరుద్ధమట. కాబట్టి మూడూ తిరస్కరిస్తున్నారట. రుజువు కూడా రాశారు: మూడింట్లోనూ ప్రతి అధ్యాయం చివర ఎవరో ఒకరు కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, కిటికీలోంచి చూస్తారు.

ఆ బుధవారం ఇర్మా చేతిసంచి విసురుగా సోఫా మీద పడేసింది. "విన్నావా హైదే, నేనూ ఈ పళ్ల డాక్టరూ ఒక్కరమేనట! మా ఆయనకి చెప్తే ఇంట్లోంచి గెంటేస్తాడు."

"మా ఆవిడైతే కేకు కోస్తుంది" అన్నాడు ఎద్గార్దో. "అయినా ప్రొఫె, నా కాపరి ఉండేది గడ్డిమైదానంలో. ఆ రోజుల్లో అక్కడ కుళాయి ఎక్కడిదండీ? కుళాయి తీసి కూజా పెట్టమని నేనెంత మొత్తుకున్నాను!"

హైదే ఉత్తరం రెండుసార్లు చదివింది. మొదటిసారి ఆమె మొహంలో కనిపించింది, చెప్పక తప్పదు, గర్వమే. "గుర్తుపట్టగలిగే శైలి అన్నారు, చూశారా?" అంది. ఎవరూ నవ్వలేదు. రెండోసారి చదివాక ఎవారిస్తో వైపు చూసింది.

అతను టోపీ ఇంకా తీయలేదు. "ప్రొఫె, నా తాళాలవాడు కుళాయి కట్టేయడు. వాడింట్లో కుళాయి కారుతూనే ఉంటుంది. ఊళ్లో అందరి తలుపులూ బాగుచేసి సొంత కుళాయి బాగుచేసుకోడు. అదే నా మొదటి వాక్యం. మీరు కొట్టేశారు."

"నేనా?"

"మీరే. నాకూ అప్పుడు బాగానే అనిపించింది. మీరు చదివినవారు కదా అనుకున్నాను."

నేను కీబోర్డు వైపు చూస్తూ కూర్చున్నాను. మూడు నవలల్లోనూ ఆ కుళాయిలన్నీ ఎక్కించింది నేనే. పోలిక నాకు ఎప్పుడో కనిపించింది. చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే అందరం గ్రంథాలయానికి వెళ్లాం. కార్యదర్శి సులేమా కళ్లద్దాల పైనుంచి మమ్మల్ని లెక్కపెట్టింది.

"ముగ్గురున్నారని నాకు కనిపిస్తూనే ఉంది. కానీ జ్యూరీకి మొహాలు కనిపించవు, కాగితాలే కనిపిస్తాయి. ఎవరి చెయ్యీ పడని మొదటి రాత ఉంటే టైపు చేసి రేపు సాయంత్రం ఆరులోగా ఇవ్వండి. దాన్నే చదువుతారు. ఆరు దాటితే నా చేతిలో లేదు."

ఇర్మా అక్కడే చేతులెత్తేసింది. "నా మొదటి రాత చదివితే నన్ను నేనే తిరస్కరిస్తాను." ఎద్గార్దో తన మొదటి రాత క్లినిక్కులో ఎక్కడో పోయిందన్నాడు. అది అబద్ధమని అందరికీ తెలుసు. మిగిలింది ఎవారిస్తో. అతని దగ్గర ఐదు బడి నోటుపుస్తకాలున్నాయి, నూనె మరకలతో సహా.

గురువారం మధ్యాహ్నం మొదలుపెట్టాం. అతను చదువుతుంటే నేను టైపు చేశాను. హైదే నా పక్కన కుర్చీ వేసుకుంది. మొదటి పేజీలోనే ఆమె వేలు తెర మీదికి వచ్చింది.

"ఒక్క కామా."

"వద్దు ప్రొఫె."

"చంద్రుడు కొరికిన రొట్టెలా ఉన్నాడని ఎవరైనా రాస్తారా? మనుషులన్నాక..."

"ఆకలేసినవాడు రాస్తాడు. అమ్మాయ్, ఆ కెటిల్ ఈవిడ చేతికివ్వు."

ఇచ్చాను. పదకొండేళ్లుగా ఇతరుల నోళ్లు మూయించిన కెటిల్‌ని హైదే మొదటిసారి పట్టుకుంది. నీళ్లు బల్ల మీద పోసింది, తన పావడా మీద పోసింది. సొరబుర్రలో కూడా కాస్త పోసింది. చెడ్డ ఉపమానం వచ్చినప్పుడల్లా మూత టకటకలాడేది.

శుక్రవారం మధ్యాహ్నానికి తొమ్మిదో అధ్యాయం వచ్చింది. అన్నదమ్ములిద్దరూ వంటింట్లో కూర్చుంటారు. ఎందుకు వెళ్లిపోయావని తమ్ముడు అడగడు. అన్న చెప్పడు. బంగాళాదుంపలు ఒలుస్తారు, అంతే. ఇద్దరూ ఒకేలా, తొక్క తెగకుండా ఒకే పొడవున ఒలుస్తారు. చిన్నప్పుడు వాళ్లమ్మ నేర్పినట్టు. కాసేపటికి కెటిల్ చప్పుడు ఆగిపోయిందని గమనించాను.

"ఇది నేను చదవలేదు" అంది హైదే.

"చదివారు ప్రొఫె. అడ్డంగా గీత కొట్టారు. పక్కన 'ఏమీ జరగడం లేదు' అని రాశారు."

"మొదటి పేజీ చూసి రాశాను. మిగతాది చదవలేదు." కెటిల్ కింద పెట్టింది. "తర్వాత?"

"తర్వాత వాళ్లు భోంచేస్తారు."

"చదువు, చదువు. టైమైపోతోంది."

ఆరుకి ఎనిమిది నిమిషాలుండగా సులేమా బల్ల మీద కట్ట పెట్టాం. దారిలో హైదే ఆ కట్టని ఒక్కసారి కూడా చేతికి ఇమ్మని అడగలేదు. నమ్మకం లేక, తన మీద.

డిసెంబరు మొదట్లో ఫలితం వచ్చింది. మొదటి బహుమతి ఎవరో రిటైరైన జడ్జికి. కానీ ఎవారిస్తో నవలని కూడా అచ్చు వేస్తామన్నారు. జ్యూరీ రాసిన నాలుగు వాక్యాలని హైదే నిలబడి పైకి చదివింది. తొమ్మిదో అధ్యాయాన్ని పేరుపెట్టి మెచ్చుకున్నారు. చివరి వాక్యం దగ్గర ఆమె కాగితం మడవబోయింది. ఇర్మా కాగితం లాక్కుని పూర్తిచేసింది: "అచ్చుకి ముందు రచయిత ఒక మంచి ఎడిటరు సాయం తీసుకోవడం అవసరం."

ఇర్మా నవ్వి నవ్వి సోఫాలో ఒరిగిపోయింది. ఎద్గార్దో లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాడు.

ఎవారిస్తో మాత్రం నవ్వలేదు. "ప్రొఫె, మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని చాలా మర్యాదగా అడిగాడు.

"ఒకావిడ ఉంది" అంది హైదే. "కాస్త దురద చెయ్యి."

"పర్లేదు. మా అక్క తప్పులు పడుతుంది, అవి సరిచేస్తే చాలు."

హైదే పెన్సిల్ తీసి అతని చేతికే ఇచ్చింది. "ముందు నేను ముట్టుకోకూడనివి నువ్వు గుర్తుపెట్టు. మిగతావి నేను చూసుకుంటాను."

ఎవారిస్తో బల్ల దగ్గర కూర్చుని తాళం చూసినంత శ్రద్ధగా మొదలుపెట్టాడు. ప్రతి పేజీలోనూ ప్రతి వాక్యానికీ గుర్తే. ముప్ఫై ఏడో పేజీలో మొదటిసారి ఒక వాక్యాన్ని గుర్తు పెట్టకుండా హైదేకి వదిలేశాడు. హైదే అతని భుజం మీదుగా వంగి దాన్ని చదివింది. అందులో దిద్దడానికి ఏమీ లేదు.