బిందెలకు గాలి

మా ముత్తాత లక్ష్మారావు చందానగర్ పక్క ఊరికి శిస్తు వసూలు చేసే మాలీపటేలు. ఆయన ఎదుట ఎవరూ కుర్చీలో కూర్చునేవారు కాదు.

ఇవాళ మియాపూర్ ఫ్లాటులో పనిమనిషి చింతపండుతో దీపపు కుందులు తోముతుంటే నానమ్మ గుర్తొచ్చింది. ప్రతి గురువారం ఆమె ఇత్తడి బిందెలు తోమి, గోడబల్ల మీద ఎడంగా సర్దేది. ఒకసారి చుట్టాలొస్తున్నారని నేనే వాటిని ఒద్దికగా ఒకచోటికి జరిపాను. సగం బల్ల బోసిపోయింది.

"గట్ల గాదు బిడ్డా, జర దూరం వెట్టు. బిందెలకు గాలి ఆడాలె," అంటూ నానమ్మ గబగబా మళ్లీ సర్దింది.

లోపలికొచ్చిన మేనత్త, "నీ ఇల్లు ఎన్నడు జూసినా నిండుగుంటదే అమ్మా," అంది. నానమ్మ నా తల నిమిరింది.

బిందెలకూ ఊపిరుంటుందని చాలా ఏళ్లు నమ్మాను. ఇప్పటికీ నా వంటింట్లో గిన్నెలు ఎడంగానే ఉంటాయి.

ముత్తాత నాటి పన్నెండు బిందెల్లో ఏడింటిని నానమ్మ ఆ చుట్టాలొచ్చే నాటికే బాలానగర్‌లో తూకానికి అమ్మేసింది.