తౌఫీఖ్ కెప్టెన్ వంతు

కెప్టెన్ తౌఫీఖ్ పాతబస్తీ గల్లీలో స్కూటర్ తీసే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, వంగి టైర్లు నొక్కి చూస్తాడు. విమానం ఎక్కే ముందు ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే అది. "టేకాఫేనా, భాయ్?" అని గల్లీవాళ్లు నవ్వితే, తనూ నవ్వి హెల్మెట్ పట్టీ మరోసారి లాగి చూసుకుంటాడు.

ఈ ఏడాది ప్రయాణికులు తగ్గడంతో, చివర చేరిన పన్నెండుమంది పైలట్లను జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెడతానంది కంపెనీ. వాళ్లలో అందరికన్నా ఆఖరున చేరింది మలక్‌పేట లావణ్య. ఆదివారం పొద్దున పైలట్లంతా తౌఫీఖ్ మిద్దె మీద చేరారు. సీనియర్లు చాయ్ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు. "గిరాకీ లేని దినాలల్ల మా అబ్బా గాజుల కార్ఖానాల ఎవర్నీ ఇంటికి పంపలే," అన్నాడు తౌఫీఖ్, తండ్రిని తలుచుకుంటూ. "అందరు వంతులేసుకొని కుంపటి ముందర కూసునేటోళ్లు. చెయ్యి ఆగితే పనితనం పోతదనేటోడు. మనం గూడ మూడు నెలలు ఎగరకుంటే మళ్ల పరీక్షకు పోవాలె. జీతం లేని సెలవులు అందరం వంతులేసుకుందాం." "మీకు నష్టం గాదా సార్?" అంది లావణ్య. "అయితది," అని, కంపెనీకిచ్చే కాగితం మీద మొదట తన పేరే రాశాడు. కాసేపటికి ఒక సీనియర్ పెన్ను కోసం చెయ్యి చాచాడు. కాగితం లావణ్య దాకా వచ్చేసరికి అడుగున చోటే లేదు. పక్కన అంచు మీద పేరు రాసింది. కిందికి దిగాక తన బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి టైర్లు నొక్కి చూసింది.