తాడు పట్టే బావమరిది

డబ్బా మూత తీశానో లేదో కొండతేనె వాసన కొట్టంతా నిండిపోయింది. వేలితో కాస్త తీసి నాలుక మీద పెట్టుకుంటే తీపికంటే ముందు మంట తగిలింది. అది తేనె మంట కాదు, మొన్నటిదాకా మిరపకాయలు కోసిన నా వేళ్ళది. నల్లపాడులో తేనె అమ్ముకునేదానికి మిరపకోతతో ఏం పని అని చాలామంది అడుగుతారు. అది ఖాసిం బాబాయ్ నాకు అంటగట్టి పోయిన పని.

బాబాయ్ అంటే చుట్టరికం కాదు. ఈ కొట్టు ఆయనది. డిగ్రీ అయ్యాక నేనిక్కడ పనికి చేరాను. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా వేసేవారు, నోరు మాత్రం నాలుగు వీధులకు వినపడేది. "అమ్మాయ్, గరిట కడిగావా?" అని నన్నడిగితే పక్క కొట్టువాళ్ళు తమ గరిటలు కడుక్కునేవారు. ఏటా ఎండలు ముదిరే వేళకు నల్లమలకు వెళ్ళి చెంచుల దగ్గర తేనె తెచ్చేవారు.

ఒక ఏడు నన్నూ తీసుకెళ్ళారు. కొండచరియకు వేలాడే తేనెపట్టు దగ్గరకు తాడు పట్టుకుని దిగేది గురవయ్య. ఆ రోజు ఆయన తాడు చుట్ట పక్కన పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. పైన తాడు పట్టాల్సిన ఆయన భార్య తమ్ముడు బయ్యన్న మిరపకోతకని మా ప్రత్తిపాడు వైపు కూలికి వెళ్ళాడు. చెంచుల్లో తాడు పట్టడం బావమరిది పని. అక్క పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయని తెలిసినవాడు తాడు వదలడు.

"మా జీపు డ్రైవర్ ఉన్నాడుగా, గట్టివాడే. అతను పట్టుకుంటాడు," అన్నాను.

"పట్టుకుంటాడమ్మా. కానీ చాలు అనడు," అని నవ్వాడు గురవయ్య. "పైనుంచి మా బామ్మర్ది 'చాలు బావా' అంటేనే నేను కత్తి ఆపేది. మిగతాది ఈగలకి. ఇంకాస్త కోద్దామని నాకూ ఉంటది. అక్క మొగుణ్ణి వాడు అంతసేపు వేలాడనియ్యడు."

ఆ మాటకు నాకూ నవ్వొచ్చింది. ఆయన మాత్రం ఎదుటి కొండ చూపించాడు. "అక్కడ కూలోళ్ళ చేత తాడు పట్టించారు. పట్టు మొత్తం కోసేశారు. ఈ ఏడు ఆ కొండకి ఈగే రాలా."

అది వింటూనే బాబాయ్ జీపెక్కారు. మర్నాడు పొద్దున్నే బయ్యన్నను వెతికి పట్టుకున్నాం. తీరా చూస్తే అతను కోస్తున్నది మా మేనమామ చేలోనే.

"మబ్బు పట్టింది కనపట్టంలా? కాయ తడిస్తే తెల్లబడి తాలైపోద్ది. వీణ్ణి పంపితే కోసేదెవరండీ, మీరా?" అన్నాడు మావయ్య.

"ఏం, మేం పనికిరామా?" అంటూ బాబాయ్ ఆ తెల్లచొక్కా చేతులు మడిచి సాలులోకి దిగారు. నేను గట్టు మీదే నిలబడ్డాను. "చోద్యం చూస్తావేంటమ్మాయ్? పక్క సాలు పట్టు!"

ఆయన కోసిన కాయల్లో సగానికి తొడిమలే లేవు. మధ్యాహ్నానికి ఆ చేత్తోనే కన్ను తుడుచుకున్నారు. ఇక చూడాలి ఆ కేకలు! కూలి ఆడవాళ్ళు కోత ఆపి నవ్వారు. మావయ్యే మజ్జిగ తెచ్చి ఇచ్చి, "ఒరేయ్ బయ్యన్నా, నువ్వు కొండకి పోరా నాయనా! ఈయన అరుపులు నేను పడలేను," అన్నాడు. బయ్యన్న వెళ్ళాడు. బాబాయ్ మాత్రం అతను తిరిగొచ్చేదాకా రోజూ ఆ సాలులోనే ఉన్నారు. ఎర్రబడ్డ కళ్ళతో గంప మోసుకొస్తున్న ఆయన్ని చూస్తే నాకు అంతులేని ప్రేమ కలిగింది.

ఆ ఏడు తేనె తక్కువే వచ్చింది. ఇంకా కావాలని అడిగినవాళ్ళతో, "ఇంతేనండి. పైనుంచి చాలన్నారు," అనేవారు బాబాయ్. దేవుడి మాట అనుకుని దణ్ణం పెట్టినవాళ్ళూ ఉన్నారు.

బాబాయ్ పోయాక కొట్టు నేనే చూస్తున్నాను. గురవయ్య ఇప్పుడు దిగలేడు, కొడుకు దిగుతున్నాడు. ఆ కుర్రాడి బావమరిది కూడా మిరపకోతలకు మా వైపే వస్తాడు. తేనె వేళకు అతన్ని కొండకు పంపి, అతని సాలు నేను కోస్తాను. గురవయ్య వాళ్ళ కొండకు ఈగలు ఈ ఏడూ వచ్చాయి.

'చాలు బావా' అన్న ఆ కేక మాత్రం నేనింతవరకు వినలేదు. అది కొండ మీద వినపడే వేళకు నేను చేలో ఉంటాను.