హెలెన్ పిన్నికి ఒక్క బొత్తాం ఫ్రేము

జోజి సినిమాల్లో, సీరియళ్ళలో ప్రాపర్టీ పని చేస్తాడు. సెట్టులో హీరోగారి సోఫా దగ్గర్నుంచి దేవుడి గూట్లో అగరొత్తుల దాకా సమకూర్చేది అతనే. ఎన్ని ఇళ్ళు సర్దాడో లెక్కే లేదు. అలాంటివాడు సొంత పిన్నికి ఫోటో ఫ్రేము కొనడానికి టోలిచౌకిలో ఒక షాపులో అరపూట నిలబడ్డాడంటే నవ్వొస్తుంది గానీ, నిజం.

పిన్ని పేరు హెలెన్. హీరోయిన్లకు జడలు వేసి, విగ్గులు అతికించి బతికిన మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక పని మానేసి, ఫిల్మ్ నగర్ వెనక బస్తీలో జోజి దగ్గరే ఉంటోంది. వేడి కడ్డీలు పట్టీ పట్టీ వేలి చివర్లు మొద్దుబారిపోయాయి. టచ్ ఫోను ఆవిడ వేలిని ఖాతరు చెయ్యదు. పాత బొత్తాల ఫోను కిందపడి పగిలితే మరొకటి కొననివ్వలేదు.

"చెయ్యాల్సింది చెయ్యనప్పుడు నాకెందుకురా ఫోను?" అంది.

చెయ్యాల్సింది కూతురు సోఫియా. బందరులో టీచరు. ఆమె పెళ్ళి ముందురోజు హెలెన్ ఒక పాట షూటింగులో ఇరుక్కుపోయింది. జడ వేరేవాళ్ళు వేస్తే తెర మీద తేడా కొట్టేస్తుందని, మేనేజరు "ఒక్క షాటేనమ్మా" అంటూ కదలనివ్వలేదు. ఒక్క షాటే అన్నవాడి మాట నమ్మి చెడినవాళ్ళు ఫిల్మ్ నగర్ నిండా ఉన్నారు. హెలెన్ బందరు చర్చికి చేరేసరికి షామియానా వాళ్ళు కుర్చీలు మడుస్తున్నారు. ఆ రోజునుంచి తల్లీకూతుళ్ళకు మాటల్లేవు. పాప పుట్టిందని కూడా ఎవరో చెబితే తెలిసింది. ఆ పాప ముఖం ఒక్కసారి చూడాలి, అదీ హెలెన్ కోరిక. అందుకే ఈ ఫ్రేము.

షాపులో తిరుమలేశ్ అనే కుర్రాడు టీవీ అంత ఫ్రేము ముందు పెట్టాడు.

"గిది తీస్కో అన్నా. పాటలొస్తయ్, ఎండా వానా చెప్తది, మాట్లాడితే జవాబిస్తది."

"మా పిన్నితో మాట్లాడ్డానికి నేనున్నానండీ. ఫోటో కదలకుండా నిలబడేది కావాలి."

"నిలబడుడేంది? ఐదు సెకండ్లకొకటి మారుతది. మస్తుంటది."

"ఆవిడ కళ్ళజోడు వెతుక్కునేలోపు చుట్టాలందరూ వచ్చి వెళ్ళిపోతారండీ."

తిరుమలేశ్ నవ్వి, లోపల్నుంచి దుమ్ము పట్టిన పెట్టె తెచ్చాడు. నల్లటి అంచు, ఒకే ఒక్క బొత్తాం. గట్టిగా నొక్కితే ఇంకో ఫోటో వస్తుంది, లేకపోతే ఉన్నదే ఉంటుంది. మనం చేర్చుకున్నవాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా తమ ఫోన్లోంచి ఫోటో పంపొచ్చు. ఒకరు పంపింది మిగతావాళ్ళ ఫోన్లలోనూ కనిపిస్తుంది.

"ఎవ్వరు కొంటలేరన్నా. బాగా సాదా."

"ఇదే ఇవ్వండి," అన్నాడు జోజి.

ఆ రోజే సోఫియాకి ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు పిన్నితో మాట్లాడక్కర్లేదు. పాప ఫోటో ఒక్కటి పంపు, చాలు."

"చూద్దాంలే," అంది. పేరైతే చేర్చుకుంది. ఫోటో మాత్రం పంపలేదు.

వారాలు గడిచాయి. చర్చి పిక్నిక్కు, పక్కింటి పిల్లి, జోజి తిన్న బిర్యానీ, ఇవే ఫ్రేములో. హెలెన్ రోజూ సాయంత్రం బొత్తాం నొక్కుకుంటూ మొత్తం తిరగేసి, "ఇందులో నా మనవరాలు ఏదిరా?" అని అడిగేది. జోజికి ప్రాణం ఉసూరుమనేది. చివరికి ఒక ఉపాయం ఆలోచించాడు. తన ఫోన్లో పిన్ని ముఖం ఉన్న ఫోటో ఏది పడినా దానంతటదే ఫ్రేముకి వెళ్ళేలా పెట్టేశాడు. కూతురు పంపకపోతే మానె, తల్లి ముఖమైనా చూస్తే మనసు కరగదా అని. పాపం, మంచి ఉద్దేశమే.

ఆ తర్వాతి వారం ఒక సీరియల్లో హీరోకి చచ్చిపోయిన తల్లి ఫోటో కావాల్సి వచ్చింది. ఇలాంటివాటికి ప్రాపర్టీ వాళ్ళు ఇంట్లోవాళ్ళ ఫోటోలే వాడేస్తారు, అనుమతుల గొడవ ఉండదని. హెలెన్‌ది నిండు ముఖం. "పాస్టర్‌గారి కంట పడనివ్వకురోయ్," అంటూనే బొట్టుబిళ్ళ పెట్టించుకుని ఫోటో దిగింది. జోజి దాన్ని సెట్టు గోడకి తగిలించి, గంధపు దండ వేసి, కింద ఎర్రబల్బు వెలిగించి, ఫోన్లో ఒక ఫోటో తీసుకున్నాడు. మర్నాడు కూడా దండ అదే వంపులో వేలాడాలి, లేకపోతే డైరెక్టరు అరుస్తాడు. అక్కణ్ణుంచి నేరుగా ఒక పెద్ద సినిమా రాత్రి షూటింగుకి వెళ్ళాడు. హీరో గెటప్పు బయటికి పోకూడదని అక్కడ అందరి ఫోన్లూ గేటు దగ్గరే సంచీలో వేయించుకుంటారు.

పొద్దున్న ఫోను చేతికొచ్చాక చూస్తే, వరసగా సోఫియా మిస్డ్ కాల్సే. తిరిగి చేస్తే స్విచ్చాఫ్. ఏమైందో అర్థంకాక ఇంటికి పరుగెత్తాడు.

అతను గుమ్మం చేరేసరికి సందు మొదట్లో ఆటో ఆగింది. భుజాన నిద్రపోతున్న పాపతో సోఫియా దిగింది. ఏడ్చీ ఏడ్చీ ముఖం ఉబ్బిపోయి ఉంది.

"నాకోసం ఉంచార్రా? పాతిపెట్టేశారా?"

"ఎవర్నక్కా?"

అప్పుడే తలుపు తీసుకుని, పళ్ళు తోముకుంటూ హెలెన్ బయటికొచ్చింది.

సోఫియా ఉన్నచోటే కూలబడింది. కాసేపటికి లేచి, జోజి చెంప ఛెళ్ళుమనిపించింది. సీరియలు, దండ, దానంతటదే ఫ్రేముకెళ్ళి ఆమె ఫోన్లో పడ్డ ఫోటో, గేటు దగ్గర సంచీ అంటూ అతను నత్తినత్తిగా చెప్పుకొచ్చాడు.

హెలెన్ నోరు కడుక్కొచ్చి నవ్వడం మొదలెట్టింది. "దండ చూశావు గానీ బొట్టు చూడలేదుటే? మన ఇళ్ళలో పోయినవాళ్ళకి బొట్టు పెడతారా?"

"రెండోసారి చూళ్ళేకపోయానమ్మా."

హెలెన్ నవ్వు ఆగిపోయింది. "అంటే, నేను పోతే వస్తావన్నమాట."

సోఫియా మళ్ళీ నేలమీద కూర్చుండిపోయి తల దించుకుంది. "బస్సెక్కినప్పట్నుంచీ నీతో పోట్లాడుతూనే ఉన్నా. నా పెళ్ళికి ఎందుకు రాలేదో చెప్పు, చెప్పు అని. సూర్యాపేట దాటాక గుర్తొచ్చింది, చెప్పడానికి నువ్వు లేవని."

జోజి పాపని అందుకున్నాడు. హెలెన్ గోడ పట్టుకుని మెల్లిగా వంగి, కూతురి పక్కన నేలమీదే కూర్చుంది.

"ఉన్నాను కదే. ఇప్పుడు అడుగు."

సోఫియా కొంగుతో ముఖం తుడుచుకుని, మొదట్నుంచీ అడగడం మొదలుపెట్టింది.