తెర వెనక కూర్చున్నవాళ్ళకు చెప్పిన మాట

మా పక్కింటి మాస్టరుగారు హిందూపురంలో కూతురి ఇంట్లో పోయారని మొన్న ఉదయం కబురు వచ్చింది. పెనుకొండలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పోయినవారికి లేని గుణాలు అంటగట్టడం నాకు చేతకాదు. ఆయనది ముక్కుమీద కోపం. మా అరుగు మీద కూర్చుని నా పత్రిక నాకంటే ముందు విప్పేవారు, మడత చెడగొట్టి ఇచ్చేవారు. కానీ తెలియనిది తెలియదనేవారు. "తెలిసినంతే చెప్పల్లమ్మా, మిగతాది వాళ్ళే ఆలోచించుకుంటారు" అనేవారు.

యుద్ధం రోజుల్లో సర్కారువారు వ్యానులో ఊరూరా సినిమా చూపించేవారు. అందులోని ఇంగ్లీషు మాటలను తెర పక్కన నిలబడి తెలుగులో చెప్పే పని మాస్టరుగారికి అప్పగించారు. మనవరాలికి చీర నేయించాలని నేను ధర్మవరం వెళ్ళిన రోజే అక్కడా ఆట పడింది. చీర కుదరలేదు. పట్టు దొరక్క, నేను వెళ్ళిన నేతవాళ్ళ ఇంట్లో మగ్గం ఆగిపోయింది. ఆ ఇంటి పెద్దకొడుకు పటాలంలో చేరాక అతని నుంచి జాబు రాలేదు. ఆట అయ్యాక పటాలంలోకి పేర్లు రాసుకుంటారట, చిన్నవాడు తానూ చేరతానంటున్నాడు.

"ఈడ ఏముండాదవ్వా? ఆడికి పోతే కూడన్నా పెడతారు" అన్నాడు నాతో.

వాళ్ళ తల్లి నన్ను ఆటకు తోడు తీసుకుపోయింది. తెల్లబట్ట తెరకు ముందు మగవాళ్ళు, వెనక ఆడవాళ్ళం కూర్చున్నాం. మాకు బొమ్మలన్నీ కుడిఎడమలు తారుమారై కనిపించాయి. వేషాలు లేకుండా, నిజంగా జరిగింది తీసిన చిత్రం అది, జర్మనీ నాయకుడి గురించి. ఇంగ్లీషువాళ్ళకు శత్రువు గనుక మనకు మేలు చేస్తాడని కొందరు, రాక్షసుడని కొందరు వాదించుకునే కాలం. తెరమీద అతను చెయ్యెత్తగానే అక్కడి జనంతోపాటు మన మగవాళ్ళూ చప్పట్లు కొట్టారు.

"వాడు రాక్షసుడని చెప్పవయ్యా" అని వ్యానుతో వచ్చిన అధికారి మాస్టరుగారిని గద్దించాడు.

"ఆయప్పను కాదబ్బా, చప్పట్లు కొట్టేటోళ్ళను చూడండి" అన్నారు మాస్టరుగారు. "వాళ్ళూ మన మాదిరే కొట్టినారు. ఇప్పుడు వాళ్ళ పిల్లోళ్ళే చస్తాండారు."

నా పక్కనున్న తల్లి లేచి, తెర ఇవతలి నుంచే అడిగింది: "సామీ, మా పెద్దోడు యాడుండాడు?"

"నాకు తెలీదు తల్లీ. ఈ బొమ్మ తెచ్చినోళ్ళకూ తెలీదు. చేరేవాళ్ళు అది తెలిసి చేరల్ల."

ఆయనకు ఆ పని అంతటితో పోయింది. తిరుగు రైల్లో నేను మందలించాను, నోరు అదుపులో ఉంచుకోవద్దా అని.

"అడిగింది తల్లి కదమ్మా" అన్నారు.

ఆయన పోయారని విన్నప్పుడు నాకు ఆ ఆట ముగిసిన క్షణమే కనిపించింది. బొమ్మ వేసే దీపం ఆర్పేశారు. ముందువైపు పటాలంలో చేరేవాళ్ళను పిలుస్తున్నారు. చిన్నవాడు తెర అంచు ఎత్తి, వంగి, మా వైపు వచ్చాడు. తల్లి అతని వైపు తిరగలేదు. ఖాళీ బట్టనే చూస్తూ, కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది.