తారు రోడ్డు మీద పెసర

మా ఊరి ముందున్న మట్టి రోడ్డుకు తారు వేసిన ఏడు అందరికంటే ఎక్కువ సంతోషపడింది మా అత్త. బస్సు కుదుపులు తగ్గుతాయని కాదు, ఆమె బస్సు ఎక్కడమే అరుదు. తారు ఆరిన మర్నాడు వట్టి కాళ్ళతో రోడ్డు మీద అటూ ఇటూ నడిచి, వంగి అరచేత్తో తడిమి చూసి, "ఇంత చదునైన కళ్ళం నా జన్మలో చెయ్యలేదే" అన్నది.

అప్పటిదాకా పెసర నూర్చాలంటే ముందు కళ్ళం చేసుకోవాలి. నేల చెక్కి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలకాలి. పీకి తెచ్చిన పెసర కట్టె, అంటే కాయలతో ఉన్న మొక్కలు, దాని మీద ఎండబెట్టి, ఎద్దులను తిప్పి తొక్కించాలి. తారు రోడ్డు వచ్చాక ఈ పాట్లన్నీ ఎందుకన్నారు. నెల్లూరు నుంచి మైపాడు పోయే బస్సు మా గడప ముందు నుంచే పోతుంది. పరిచి పెడితే చాలు, అదే తొక్కుతుంది. పైగా ఆ బస్సు తోలేది మా అత్త చిన్నకొడుకు. అంటే మా ఆయన.

ఆయన ఆ బస్సులోనే క్లీనరుగా చేరి, చక్రాలు కడిగి, ముసలి డ్రైవరు పక్కన నిలబడి చూసి చూసి నేర్చుకున్నారు. నెల్లూరు మైదానంలో బ్రేకు ఇన్‌స్పెక్టరు పరీక్ష పెట్టిన సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఎనిమిది అంకె మాదిరి తిప్పమన్నాడట. వెనక్కి తోలమన్నాడట. పెన్న గట్టు ఎక్కేటప్పుడు మధ్యలో ఆపించి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించమన్నాడట. "తోలేది ఎవురైనా తోలుతారు. ఆపను వచ్చునా నీకు?" అని అడిగాడట. ఆ మాట ఆయనకు నచ్చింది. లైసెన్సు పుస్తకం చీర మడతల మధ్య పెట్టెలో దాచమని నాకిచ్చేవారు. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు, యాభై దాటాక మనవరాలి పలక మీద దిద్దుకున్నాను. అందులో నాకు తెలిసింది ఆయన ఫోటో ఒక్కటే.

మొదటి ఏడు మా ఇంటి ముందు కొంచెమే పరిచాం. బస్సు పోయినప్పుడల్లా కాయలు చిటచిటమని పగిలేవి. రోడ్డు పక్కన పంగల కర్ర పట్టుకుని నిలబడి మా అత్త, "నా కొడుకు బస్సుతో నూరుస్తుండాడు చూడండబ్బా" అని దారినపోయే వాళ్ళకు చెప్పుకునేది. ఆయన కూడా నవ్వుతూ హారను కొట్టేవారు.

మరుసటి ఏడు ఊరంతా పరిచింది. పెసర, మినుము, సజ్జ, ఎవరి వాకిలి ముందు వాళ్ళది. తెల్లవారుజామున మోపులు మోసుకొచ్చి పరవడం, బస్సుకూ బస్సుకూ మధ్య పంగల కర్రతో తిరగెయ్యడం నా పని. మంచు కాలం ఇంకా పోని రోజులవి. ఎండ ఎక్కేదాకా పెసర కట్టె తడితడిగా, తాకితే చేపలాగా జారేది. ఎండెక్కాక ఇంకో బాధ. కాయల్లోంచి రాలిన గింజలు తారు మీద గోలీల్లాగా దొర్లేవి.

ఒక పొద్దున బళ్ళో చెప్పే అయ్యవారు సైకిలు మీద వస్తూ పడిపోయారు. లేచి పంచె దులుపుకుని, భుజం పట్టుకుని, కుంటుకుంటూ సైకిలు నడిపించుకుపోయారు. ఆ మినుము ఎవరిదో వాళ్ళు వచ్చి, "కళ్ళు కనపడవా అయ్యవారికి, గింజలన్నీ చెదరగొట్టినాడు" అని తిట్టుకుంటూ ఊడ్చుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

తర్వాత కొద్ది రోజులకు మా ఆయన మధ్యాహ్నం ఇంటికి వస్తూ చేతిలో నల్లటి పీచు లాంటిదేదో తెచ్చి వాకిట్లో పడేశారు. తాడు పేనినట్టు మెలికలు పడి ఉంది. ఆముదం మాడిన వాసన వేస్తోంది. ఏమిటని ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. బస్సు అడుగున చక్రాలను తిప్పే కడ్డీకి పెసర కట్టె చుట్టుకుని, రాపిడికి పొగ వస్తుంటే ఆపి లాగేశారట.

అన్నం ముందు కూర్చుని ఆయన వాళ్ళ అన్నతో చెప్పారు.

"అన్నా, రేపట్నించి మనం రోడ్డు మీద పరచొద్దు."

"ఏంది, ఊరంతా పరుస్తుంటే మనకొక్కరికే వచ్చిందా చట్టం?" అన్నారు బావగారు.

"ఊరి సంగతి కాదు. గింజల మీద బ్రేకు తొక్కితే చక్రం నిలబడతాది గానీ బండి నిలబడదు. లోపల జనం ఉంటారు."

"మెల్లిగా తోలు మరి. లైసెన్సు వచ్చిందని ఊరంతా చెప్పుకున్నావే, పెసరకాయకు బయపడతావా?"

"ఆ మైదానంలో పెసర పరిచి పరీక్ష పెట్టలేదన్నా నాకు."

"గమ్మునుండండిరా. కూటి కాడ రోడ్డు మాటలేంది?" అన్నది మా అత్త.

మాట అక్కడితో ఆగింది, పని ఆగలేదు. తెల్లవారి మా అత్త మోపు నా నెత్తి మీద పెట్టింది. నేను పరిచాను.

అప్పుడు ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. పరిచిన చోటు రాగానే బస్సు ఆపేవారు. అందర్నీ దింపి అవతలిదాకా నడవమని, ఖాళీ బస్సును నడక వేగంతో దాటించి మళ్ళీ ఎక్కించుకునేవారు. మా ఊరు దాటేలోపు ఇలా ఎన్ని చోట్లో. నవ్వులు మొదలైనాయి. పిల్లలు బస్సు పక్కన నడుస్తూ, "మేమే ముందు పోతుండామోయ్" అని అరిచేవారు. మైపాడు నుంచి రోజూ చేపల తట్టతో నెల్లూరు పోయే ఒకామె ఉండేది. నోరు పెద్దది, మనసు మంచిది. మా ఇంటి ముందు దిగినప్పుడల్లా తట్ట నా చేత పట్టించి తలకెత్తుకుంటూ ఆయన్ను ఆడిపోసుకునేది.

"ఏం నాయనా, పెసర మీద పోను నీ బస్సుకు సిగ్గేస్తుండాదా? నా చేపలు బతికుంటే ఈపాటికి ఈదుకుంటా నెల్లూరు చేరుండేవి."

"దిగక్కా, దిగు. నువ్వు బాగుంటే రేపు కూడా తిట్టొచ్చు" అనేవారు ఆయన.

బస్సు రోజూ ఆలస్యమైంది. కోర్టు పనుల మీద పోయేవాళ్ళు బస్సు యజమానికి చెప్పారు. అతను మా ఆయన్ను పిలిపించి, "నిన్ను బస్సు తోలను పెట్టుకున్నానా, జనాన్ని నడిపించను పెట్టుకున్నానా?" అని అడిగి, గింజల మీద బండి జారుతుందన్నా వినకుండా తాళాలు తీసేసుకున్నాడు.

కొత్త డ్రైవరుకు పాతికేళ్ళుంటాయి. ఎక్కడివాడో, పరీక్ష ఎక్కడ ఇచ్చాడో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. ఒక చెయ్యి కిటికీ బయట వేలాడేసి, ఇంకో చేత్తో తోలేవాడు. పెసర వచ్చినా సజ్జ వచ్చినా ఆగడు. బస్సు పోయాక కట్టె గాలికి లేచి రెండు పక్కలా పడేది. "గాలి మాదిరి పోతుండాడు" అని ఊరు మెచ్చుకుంది. మా అత్త అతనికి మజ్జిగ పంపేది, ఆ చెంబు బస్సు ఆగే చోటికి తీసుకుపోయి ఇచ్చేది నేనే. "ఏమక్కా, ఇంకా ఒత్తుగా పరచండి, నాకేం పరవాలేదు" అనేవాడు నవ్వుతూ. చెడ్డవాడేమీ కాదు.

మా ఆయన అరుగు మీద కూర్చునేవారు. పని వెతుక్కోవడానికి పోయిన రోజులు పోను, మిగతా పొద్దంతా అక్కడే. బస్సు చప్పుడు దూరంగా వినపడగానే తల వంచి వినేవారు. అది ఇంటి ముందు దూసుకుపోయాక, "గేరు మార్చలేదు" అనేవారు. అంతే. రోజూ అదే మాట. నెల్లూరు పోయే బస్సు పొద్దున్నే మంచులో వస్తుంది. అది దాటిపోయేదాకా నాకు పొయ్యి మీద ధ్యాస ఉండేది కాదు.

ఆ పొద్దున నేను పరచడం అప్పుడే అయింది. మంచు దట్టంగా ఉంది. పంగల కర్ర ఆనించి గడపలోకి వచ్చాను. హారను వినపడింది. చప్పుడు దగ్గరికొచ్చింది, తగ్గలేదు. మా వాకిలి ముందు, మంచులో ఏం చూసి బ్రేకు తొక్కాడో, ఒక్కసారిగా చక్రాల రొద ఆగిపోయింది. బస్సు మాత్రం ఆగలేదు. నేల మీద కాక నీళ్ళ మీద పోతున్నట్టు, చప్పుడు లేకుండా, పక్కకు తిరిగి జారిపోయింది. రోడ్డు పక్క కాలువ గట్టు మీది తుమ్మచెట్టుకు దాని పక్క కొట్టుకుంది. ముందు చక్రాలు గట్టు దాటి గాలిలో నిలిచాయి. ఆ తర్వాత అన్ని గొంతులూ ఒక్కసారే లేచాయి.

చేపలామె కిటికీ పక్కన, ఊచల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ చెయ్యి చెట్టుకూ బస్సుకూ మధ్య పడింది. మా ఆయనా ఇంకో పదిమందీ బస్సును చెట్టు నుంచి పక్కకు నెట్టి పట్టి ఆమెను బయటికి తీశారు. ఆమె ఏడవలేదు. తన తట్ట ఎక్కడుందని అడిగింది. నేను నా చీర చెరగు చింపి కట్టాను గానీ, కట్టడానికి ఆ చేతిలో ఏమీ నిలవలేదు. ఎడ్లబండిలో గడ్డి వేసి నెల్లూరు ఆసుపత్రికి తోలారు.

బండి కనుమరుగైందో లేదో బావగారు రోడ్డు మీదికొచ్చి ఒకే మాట అన్నారు. "తియ్యండి."

ఎవరికీ ఇంకో మాట చెప్పనక్కర్లేకపోయింది. ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చింది. కర్రలు, చీపుర్లు, గంపలు. నూర్పిళ్ళలో కూడా మా ఊళ్ళో అంత ఐకమత్యం నేను చూడలేదు. పోలీసు జవాను సైకిలు దిగేసరికి రోడ్డు అలికిన గడపలాగా నల్లగా, శుభ్రంగా ఉంది.

కొత్త డ్రైవరు కాలువ గట్టున మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. "పెసర ఉండిందయ్యా, జారిపోయింది" అన్నాడు.

జవాను అటూ ఇటూ చూశాడు. "యాడుందిరా పెసర?"

"ఒంటిచేత్తో తోలతాడు సామీ. ఏనాడో ఇట్టయితాదని మేం అనుకుంటానే ఉండాం" అన్నారు బావగారు. నలుగురు తలలూపారు.

ఈలోగా యజమాని కారులో దిగాడు. బస్సును చూసి, నేరుగా మా ఆయన దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు చెప్పిందే నిజమైందయ్యా. రేపట్నించి బండి నువ్వే ఎత్తు."

అప్పటికి ఇంట్లో ఆయన జీతం ఆగి చాలా రోజులైంది. అన్నం ముందు ఆయన తలెత్తకుండా తినడం నేను చూస్తున్నాను. ఆయన ఊరుకుంటే చాలు, బస్సు మళ్ళీ ఆయనది. ఆ కుర్రవాడి లైసెన్సు పోతుంది, ఊరి పెసర ఊరిదే.

జవాను ఆయన వైపు తిరిగాడు. "ఈ రోడ్డు మీద బండి తోలినోడివంట గదా. నువ్వు చెప్పు. రోడ్డు మీద ఏమన్నా ఉండిందా?"

మా అత్త కొడుకునే చూస్తోంది. ఊరంతా ఆయన్నే చూస్తోంది. ఆయన రోడ్డు వైపు చూస్తూ చెప్పారు.

"వేగంగా వచ్చిందయ్యా బండి. అది నిజం. రోడ్డు మీద పెసర ఉండింది. అదీ నిజం. ఇక్కడ జారింది మా పెసర మీద. మా ఇంటిది."

"పరిచిందెవరు?"

ఆయన చూపు రోడ్డు మీదే ఉంచారు. నా వైపు చూడలేదు. ఎవరో దగ్గారు. నేను చేతిలో ఉన్న నీళ్ళ చెంబు కింద పెట్టి, "నేనేనయ్యా" అన్నాను.

"దానికేం తెలుసు సామీ, అది ఎర్రిది" అన్నది మా అత్త వెంటనే.

జవాను రాసుకున్నాడు. ఎక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేశాను. యజమాని మా ఆయన వైపు మళ్ళీ చూడకుండా కారెక్కాడు. ఆ సాయంత్రం నుంచి మా పొయ్యి వేరైంది. మా అత్త మాతో మాట్లాడటం మానేసింది. పైకి ఊరు మమ్మల్ని ఏమీ అనలేదు. నేను నీళ్ళకు పోతే బావి దగ్గర మాటలు ఆగేవి, అంతే. కోర్టుకు పోయి జరిమానా కట్టాం. కుర్రవాడి లైసెన్సు కొన్నాళ్ళు ఆపి తిరిగి ఇచ్చారని విన్నాం. చేపలామె మళ్ళీ రాలేదు. ఆమె చెయ్యి మోచేతిదాకా తీసేశారని, ఆమె బదులు వచ్చే కోడలు చెప్పింది. ఆ పిల్ల ఎప్పుడూ మా ఇంటి ముందు ఆగలేదు.

మా ఆయన మనుబోలులో ఒక రైసు మిల్లు లారీకి కుదిరారు. వారానికోసారి ఇంటికి వచ్చేవారు.

మళ్ళీ పెసర కోతలు వచ్చాయి. ఊరు కొన్ని రోజులు చూసింది. ముందు ఒకరు కొంచెం పరిచారు, ఆ తర్వాత అందరూ. మా వాకిలి ముందు మాత్రం పరచలేదు, బావగారు కూడా పరచలేదు, కోర్టు మెట్లు ఎక్కిన ఇల్లు గనుక. రెండు పక్కలా పెసర, మధ్యలో మా ఇంటి వెడల్పున నల్లటి తారు.

ఆ వారం ఆయన ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. బస్సు వచ్చింది. అవతలి ఇంటి పెసర మీద కొంచెం నిదానించింది. మా ముందుకు రాగానే ఇంజను గొంతు మారింది. తారు ఖాళీగా కనపడేసరికి ఇన్ని చోట్ల పోయిన వేగమంతా ఇక్కడ పుంజుకుంటోంది. ఆ వేగంతోనే పోయి ఇవతలి ఇంటి పెసర మీద పడింది.

అక్కడ ఆ ఇంటి కోడలు పంగల కర్రతో, ఒక్క అడుగు మాత్రం పక్కకు జరిగి నిలబడి ఉంది.