తొంభై ఒక్క ఒకట్లు

నాచారంలో మేం అద్దెకున్న ఇంట్లో రెండు వాటాలు. ముందు వాటాలో మేము. వెనక వాటాలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసే ఆమె. కీసర వైపు పల్లె ఆమెది, తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయింది. నేను గుంటూరు నుంచి వచ్చి, ఎమ్మెస్సీ చదివిన బలంతో ఉప్పల్‌లో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. తెలంగాణ రాష్ట్రం రావడానికి ఏడెనిమిదేళ్ల ముందు మాట.

ఆ ఏడు కాలేజీలో లెక్కల ప్రదర్శన పెట్టారు. నేనొక పొడవాటి చార్టు మీద వరసగా ఒకట్లు రాశాను. చార్టు పట్టినన్ని రాస్తే తొంభై ఒకటి అయ్యాయి. అదంతా కలిపి ఒకే సంఖ్య. 'ఒకటి, ఇదే సంఖ్య కాక, దీన్ని శేషం లేకుండా భాగించే సంఖ్య ఇంకేదైనా ఉందా?' అని కింద రాశాను. జవాబు నాకూ తెలియదు. మూడు, ఏడు, పదకొండు అంటూ ప్రధాన సంఖ్యలతో భాగించుకుంటూ రెండు ఆదివారాలు కూర్చుని నలభై ఏడు దాకా వెళ్లాను. ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలింది. విసుగొచ్చి వదిలేశాను.

చార్టు వరండాలో ఆరబెట్టి ఉండగా ఆమె డ్యూటీ నుంచి వచ్చింది.

"ఏందక్కా, గిన్ని ఒకట్లు రాసినవ్?"

ప్రశ్న ఏమిటో చెప్పాను. గొంతుక్కూర్చుని వేలితో లెక్కపెట్టింది.

"తొంభై ఒకటి. ఏడేడు కోస్తే పదమూడు స్ట్రిప్పులైతయ్. మా కాడ ఒక రకం గోలీలు గట్లనే ఉంటయ్, స్ట్రిప్పుకు ఏడు."

"అయితే?"

"అన్ని స్ట్రిప్పులు ఒక్క తీరే ఉన్నయ్ గదక్కా. ఏడు ఒకట్ల సంఖ్యతోని భాగిస్తే ఒక్కో స్ట్రిప్పు సాఫ్‌గ పోతది. ఇంకేం మిగుల్తది?"

ఏమీ మిగలదు. విన్న క్షణంలోనే నాకు అర్థమైంది. ఆమె పెన్సిల్ కూడా పట్టుకోలేదు.

"అంత తేలిక కాదులే. స్థానం మారితే విలువ మారిపోతుంది. అది నీకు తెలీదు," అన్నాను.

"గట్లనా," అని బకెట్ తీసుకుని నల్లా దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు ప్రదర్శనలో ఆ చార్టును ఏడేసి ఒకట్ల దగ్గర ఎర్రగీతలు గీసి వివరించాను. ప్రిన్సిపాల్ ముచ్చటపడిపోయారు.

"ఇదెలా తట్టిందమ్మా మీకు?"

"ఊరికే చూస్తూ ఉంటే తట్టింది సార్."

ఆ తర్వాత ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, లోపలికి వెళ్లిపోయేదాన్ని. నాకు ఒంట్లో బాగాలేదనుకుని ఒకరోజు మిరియాల చారు తెచ్చింది. ఆ గిన్నె అందుకుంటూ ఉంటే ఇక ఆగలేకపోయాను.

"ఆ రోజు నువ్వు చెప్పిందే సరైంది. నేనే అబద్ధం చెప్పాను. కాలేజీలో నాదని కూడా చెప్పుకున్నాను."

ఆమె నవ్వింది. "సరైందని నాకెరుకే అక్కా. అదే రోజు భాగించి సూసిన. ఒకటి, ఆరు సున్నలు, మల్ల ఒకటి, ఆరు సున్నలు... మస్తు సక్కగొచ్చింది. పదమూడేసి కోసినా ఏడు స్ట్రిప్పులైతయ్ గదా, ఆ పదమూడు ఒకట్లు యాభై మూడుతోని పోతయ్."

యాభై మూడు. నలభై ఏడు తర్వాత వచ్చే ప్రధాన సంఖ్య. నేను ఇంకొక్క మెట్టు ఎక్కి ఉంటే! ఆమె ముందు తప్పు ఒప్పుకుంటూనే ఆమె మీద కుళ్లుకున్నాను.

ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి పరీక్షకు ఫారం నేనే తెచ్చి ఆమెతో ఫీజు కట్టించాను. ప్రాయశ్చిత్తం అనుకున్నాను. సాయంత్రాలు నా వరండాలోనే చదివేది. సైన్సు, ఇంగ్లీషు చెప్పించుకుని, లెక్కల పుస్తకం మాత్రం తనే ముందు వేసుకుని, ఒక్కో లెక్క దగ్గర తనలో తనే నవ్వుకునేది. లెక్క చేస్తూ నేను చివరిసారి ఎప్పుడు నవ్వానో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. చేతిలో దిద్దాల్సిన పేపర్లు పెట్టుకుని ఆ నవ్వునే చూస్తూ కూర్చునేదాన్ని.

ఆమె పాసైంది. లెక్కల్లో మార్కులు చూసి వీధిలో అందరూ ఆశ్చర్యపోయారు.

"అంతా అక్కనే నేర్పింది," అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

ఒక్క లెక్కైనా నేను నేర్పలేదు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. వాళ్లు నన్ను మెచ్చుకుంటుంటే నవ్వి తలూపాను.